పల్లెకు దిగివచ్చిన దృశ్యం

విశాలమైన దేశంలో మాటను మారుమూలకు చేర్చడం కష్టం. బొమ్మను చేర్చడం మరింత కష్టం. రేడియో తరంగాలలో కొన్ని వందల మైళ్లు దాటిపోగలవు. టెలివిజన్ తరంగాలో, ఇంచుమించు చూపు సాగినంత మేరకే సాగుతాయి. భూమి వంపు అడ్డురాగానే ఆగిపోతాయి. కనుకనే 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ఆరంభమైన ప్రసారం బొంబాయి నగరానికి 1972లో గాని చేరలేదు. ఈ లెక్కన లక్షల పల్లెల వంతు ఎన్నడు రావలెను?

ఈ ప్రశ్నకు విక్రం సారాభాయి చెప్పిన సమాధానం సాహసోపేతమైనది. నగరం నుండి నగరానికి స్తంభాలు నాటుకొంటూ పోవడం కాదు, ఆకాశం నుండి నేరుగా పల్లెకే దిగవలెనని ఆయన సంకల్పం. భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటు తిరిగే ఉపగ్రహానికి నగరమూ పల్లెయూ సమానమే కదా! 1971లో ఆయన కన్నుమూసినా సంకల్పం నిలిచింది. 1975 ఆగస్టు 1న అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ‘సైట్’ అనే బోధనా ప్రయోగం మొదలైనది.

ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 పల్లెలను ఇందుకు ఎన్నుకొన్నారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సెట్లను హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. సంస్థ తయారుచేసింది. కోళ్లగూళ్లకు వాడే తీగవలతో అల్లిన గొడుగు వంటి ఆంటెనాలు ఊరి నడుమ వెలిశాయి. ఉదయం బడిపిల్లలకు పాఠాలు. సాయంకాలం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం, వినోదం. ఒకే బొమ్మ వెంట రెండు ధ్వనులను పంపే ఏర్పాటు ఉండడంచేత, ఒకే దృశ్యాన్ని తెలుగు పల్లె తెలుగులోను, కన్నడ పల్లె కన్నడంలోను వినగలిగింది. వేలాది ఉపాధ్యాయులు సైతం ఈ తెర ముందు విద్యార్థులై విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ పొందారు.

ఏడాది గడిచింది. 1976 జులై 31న ప్రయోగం ముగిసింది. ఉపగ్రహం అమెరికా వారి పనికి మరలిపోయింది. చాలా ఊళ్లలో తెరలు మూగపోయాయి. 1977లో హైదరాబాదు కేంద్రం వెలసింది. 1982లో రంగుల ప్రసారమూ, ఢిల్లీ నుండి జాతీయ కార్యక్రమమూ వచ్చాయి. 1983లో ఇన్సాట్-1బి ఆకాశాన నిలిచి, ప్రసారాన్ని దేశమంతటికీ విస్తరింపజేసింది. తెర మాత్రం క్రమంగా పాఠాన్ని పక్కకు నెట్టి వినోదానికే పెద్దపీట వేసింది.

అయినను ఆ ఒక్క ఏడాది నేర్పిన పాఠం చెరిగిపోదు. దృశ్యం ఎంత దూరం పోయిందన్నది సగం లెక్క మాత్రమే. అది ఎవరికోసం, ఏ భాషలో, ఏ అవసరానికి పోయిందన్నది తక్కిన సగం. తెర వేయి వింతలు చూపగలదు. బిడ్డ అడిగిన ఒక్క సందేహాన్నయినా వినలేదు. వినవలసినవాడు ఆ తెర ప్రక్కన నిలిచిన ఉపాధ్యాయుడే. ఉపగ్రహం ఎంత ఎత్తున ఉన్నా, చదువు పూర్తి అయ్యేది ఆయన చెంతనే.