కడుపునొప్పీ – కంప్యూటరూ

కడుపునొప్పి అంటే మనందరికీ లోకువే. "ఏం తిన్నావురా?" అని ఒక ప్రశ్న, ఇంత వామో శొంఠో నోట్లో వేయడం. అంతటితో వైద్యం పూర్తి!

నా చిన్నతనంలో మా మేనమామకు ఒక రాత్రి నొప్పి వచ్చింది. మొదట బొడ్డు చుట్టూ మెలిపెట్టింది. తెల్లవారేసరికి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. మా అమ్మమ్మ ఆముదం పట్టించింది. తగ్గకపోతే డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆయన పొట్టమీద చెయ్యి వేసి చూసి, అజీర్తి అని చెప్పి, ఓ సీసా మందు ఇచ్చి పంపారు. నొప్పి ముందు ఎక్కడ మొదలైందని ఆయన అడగలేదు, మామయ్యా చెప్పలేదు. మూడోనాటికి లోపల పగిలి చీము పట్టింది. బండి కట్టించుకుని పట్నం పరుగెత్తితే, అక్కడ ఆపరేషను చేసిన డాక్టరుగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న అదే – "నొప్పి ముందు ఎక్కడ మొదలైందయ్యా?"

మామయ్య బతికాడు గాని, మళ్ళీ మనిషి కావడానికి ఏడాది పట్టింది. అది అపెండిసైటిస్. మన పల్లెల్లో దాన్నే 'ఇరవైనాలుగు గంటల నొప్పి' అంటారు.

ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో జరిగిన ఒక పరిశోధన గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే గుర్తుకొస్తుంది. అక్కడ డి డాంబాల్ అనే శస్త్రవైద్యుడు వుండేవాడు. కడుపునొప్పికి కారణం కనిపెట్టడంలో కంప్యూటరు సాయం చెయ్యగలదా అని ఆయనకు ఆలోచన కలిగింది. 1971 ప్రాంతంలో కంప్యూటరంటే ఈనాటిలా జేబులో ఇమిడే వస్తువు కాదు. గది నిండా పరుచుకున్న యంత్రం.

యంత్రానికి వైద్యం ఎలా తెలుస్తుంది? తెలియదు. దానికి తెలిసిందల్లా లెక్క. ఆ లెక్కకు మూలపురుషుడు థామస్ బేయస్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు. ఆయన చనిపోయాక, 1763లో, ఆయన వ్యాసం అచ్చయింది. సంగతి చాలా సులువు. ఊళ్ళో దొంగతనం జరిగితే మనం నలుగురైదుగురిని అనుమానిస్తాం. ఒక్కొక్క ఆనవాలు దొరికినకొద్దీ ఒకరిమీద అనుమానం పెరుగుతుంది, మరొకరిమీద తగ్గుతుంది. యంత్రమూ అంతే చేస్తుంది. అంతకుముందు వచ్చిన రోగుల వివరాలన్నీ దాని దగ్గర వున్నాయి. ఏ జబ్బులో ఏ లక్షణం నూటికి ఎందరికి కనిపించిందో దానికి తెలుసు. కొత్త రోగి చెప్పిన ఒక్కొక్క జవాబుతోనూ అది అనుమానాన్ని సరిచూసుకుంటుంది. అపెండిసైటిసా, పిత్తాశయం వాపా, పేగు మూసుకుపోవడమా, పుండు పగలడమా, లేక దానంతటదే తగ్గిపోయే నొప్పా – ఇలా ఏడు అవకాశాల్లో దేనికి ఎంత బలం వుందో చెబుతుంది.

304 మంది రోగులమీద పరీక్ష జరిగింది. డాక్టర్లు తమ నిర్ణయం తాము రాసేవారు. యంత్రం తనది చెప్పేది. అసలు జబ్బేమిటో తేలిన తరవాత రెండూ సరిచూశారు. రోగిని చూసినవారిలో అందరికంటే పెద్ద డాక్టరు చెప్పినది నూటికి 79.6 పాళ్ళు సరిపోయింది. యంత్రం చెప్పినది 91.8 పాళ్ళు సరిపోయింది! ఈ ఫలితం 1972లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

"ఇంకేం, డాక్టర్లను ఇంటికి పంపి యంత్రాలను కూచోబెడదాం" అనకండి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

1974లో అదే బృందం మరో నివేదిక ప్రకటించింది. ఈసారి వాళ్ళు చూసింది యంత్రాన్ని కాదు, డాక్టర్లను. పరీక్షకు ముందు, ఆ ఆస్పత్రికి వచ్చిన అపెండిసైటిస్ రోగుల్లో ఆపరేషను బల్ల ఎక్కేలోపల లోపలే పగిలినవారు నూటికి 36 మంది. పరీక్ష జరుగుతున్నన్నాళ్ళూ అది నూటికి 4కు దిగింది. అనవసరంగా పొట్ట కోయడం కూడా బాగా తగ్గింది. 1972 ఆగస్టులో పరీక్ష ముగిసింది. ఆ తరవాత? అంకెలు మళ్ళీ పాతదారి పట్టాయి!

కత్తి పట్టింది యంత్రం కాదుగదా, ఆ డాక్టర్లేగదా. మరి వాళ్ళ చెయ్యి మధ్యలో అంత బాగుపడి, మళ్ళీ ఎందుకు జారింది?

యంత్రానికి వివరాలు అందించాలంటే ముందు ఒక పత్రం నింపాలి. నొప్పి ఎక్కడ మొదలైంది? ఇప్పుడెక్కడుంది? ఎన్ని గంటలైంది? దేనితో ఎక్కువవుతోంది? వాంతి అయిందా? ఆకలి వుందా? ఒక్క గడీ కూడా తొందరలో వదిలెయ్యడానికి వీల్లేదు. అంటే రోగి పక్కన కూచుని, అన్నీ అడిగి, చెప్పింది వినాలి. పైగా తాను రాసిన నిర్ణయం రేపు నిజంతో సరిచూస్తారన్న ఎరుక ఒకటి. యంత్రం సాయానికి తోడు, అది విధించిన ఈ క్రమశిక్షణ వల్ల కూడా డాక్టరుకు మేలు జరిగివుంటుందని ఆ పరిశోధకులే రాశారు.

మరో ముచ్చట. రోగుల నుంచి సేకరించిన లెక్కలకు బదులు, 'ఈ జబ్బులో ఈ లక్షణం ఇందరికి వుంటుంది' అని డాక్టర్లు తమ అనుభవం మీద చెప్పిన అంచనాలను యంత్రానికి ఇచ్చిచూశారు. దాని నేర్పు తగ్గిపోయింది! ఎంత అనుభవజ్ఞుడైనా జ్ఞాపకం మీద చెప్పే లెక్క వేరు, పుస్తకంలో రాసిపెట్టిన లెక్క వేరు.

ఇదంతా ఒక్క ఆస్పత్రి అదృష్టమేమోనని సందేహించేవారికి 1986లో జవాబు దొరికింది. ఎనిమిది కేంద్రాల్లో, 250 మందికి పైగా డాక్టర్లతో, 16,737 మంది రోగుల మీద పరీక్ష చేశారు. మొదటిచూపులో జబ్బును సరిగా పోల్చడం నూటికి 45.6 నుంచి 65.3కు పెరిగింది. లోపల పగిలిన అపెండిసైటిస్ కేసులు 23.7 నుంచి 11.5కు తగ్గాయి.

యంత్రానికి హద్దులు లేకపోలేదు. ఏడు పేర్లే నేర్పితే, ఎనిమిదో జబ్బుతో వచ్చినవాడికి కూడా ఆ ఏడింటిలోదే ఒకటి అంటగడుతుంది. ఈనాడు అల్ట్రాసౌండు వుంది, సి.టి. స్కాను వుంది, లీడ్స్ యంత్రాన్ని తలదన్నే కంప్యూటర్లు వున్నాయి. కాని ఎవరిని స్కానుకు పంపాలి, ఎవరిని ఇంటికి పంపాలి అని తేల్చేది ఇప్పటికీ ఆ మొదటి పది నిమిషాలే. ఆస్పత్రికి కొత్త యంత్రం వచ్చిందని విన్నప్పుడల్లా నేను అడగదలచుకున్నది ఒకటే: దీనివల్ల డాక్టరుగారు రోగిని ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారా, తక్కువ అడుగుతారా?

మన వంతు పని కూడా కొంత వుంది. ఇంట్లో ఎవరికైనా కడుపునొప్పి పట్టుకుని వదలకపోతే ఆముదమూ, విరేచనం మందూ ఇవ్వకండి, డాక్టరుకు చూపించండి. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలైంది, ఎటు జరిగింది, వాంతి ముందా నొప్పి ముందా – ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి. డాక్టరుగారు అడగకపోయినా మీరే చెప్పండి. మా మామయ్య చెప్పలేదు.