ట్రైలర్‌ను ఆపే నీలం వైరు

మూడు టన్నుల ట్రైలర్‌ను హైవే మీద లాగాలంటే పికప్ ట్రక్కుకు రెండు మూడు వందల హార్స్‌పవర్ ఇంజిన్ ఉండాలి. అదే ట్రైలర్‌ను ఆపడానికి దాని ఒక్కో చక్రానికి అందే విద్యుత్తు సుమారు 36 వాట్లు. ఆ ట్రక్కు ముందున్న హాలోజన్ హెడ్‌లైట్ బల్బు ఒక్కటే 55 వాట్లు తాగుతుంది. హెడ్‌లైట్‌కు కూడా చాలని కరెంటుతో టన్నుల బరువు ఎలా ఆగుతుంది? ఫిజిక్స్ క్లాసులో ఈ ప్రశ్న వేస్తే, శక్తి నిత్యత్వం చదివిన విద్యార్థి ఎవరైనా ఎక్కడో లెక్క తప్పిందనే అంటారు. లెక్క తప్పలేదు. జవాబు ట్రైలర్ చక్రం లోపల ఉంది. అక్కడిదాకా వెళ్లే ఒక నీలం వైరులోనూ ఉంది.

అమెరికాలో పికప్ వెనక పడవలు, గుర్రాలు, పొలం యంత్రాలు, చక్రాల మీది ఇళ్లు రోజూ కనిపించే దృశ్యమే. రెండున్నర టన్నుల పికప్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి దాదాపు 9.6 లక్షల జౌళ్లు. వెనక మూడు టన్నులు తగిలిస్తే అది 21 లక్షలు దాటుతుంది. ఆ శక్తి అంతా వేడిగా మారితేగానీ బండి ఆగదు. పికప్ బ్రేకులే మొత్తం భారం మోస్తే ఎర్రగా కాలిపోతాయి, ఆగే దూరం పెరుగుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. ముందు బండి ఆగుతుంటే వెనకది ఆగకుండా నెడుతుంది. మలుపులో ఆ తోపు పక్కకు తిరిగితే రెండూ కత్తెరలా మడతపడతాయి. మన పల్లెల్లో ధాన్యం బస్తాలతో గట్టు దిగే ట్రాక్టర్ ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. ట్రాలీ వెనక నుంచి తోసుకురావడం అక్కడి డ్రైవర్లకు అనుభవమే. ఈ ప్రమాదం వల్లే, బరువు ఒక హద్దు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలని అమెరికా రాష్ట్రాల చట్టాలు చెబుతాయి. ఆ హద్దు కాలిఫోర్నియాలో క్యాంపర్ ట్రైలర్లకు 1500 పౌండ్లు, టెక్సాస్‌లో 4500 పౌండ్లు.

సొంత బ్రేకులు సరే, వాటిని తొక్కేదెవరు? ట్రైలర్‌లో డ్రైవర్ ఉండడు.

ఈ చిక్కుకు మొదటి జవాబు కరెంటు అవసరం లేనిది. దాన్ని సర్జ్ బ్రేకు అంటారు. ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే కప్లర్‌ను జారేలా చేసి, దాని వెనక ఒక హైడ్రాలిక్ సిలిండర్ పెడతారు. ముందు బండి వేగం తగ్గగానే ట్రైలర్ తన బరువుతో ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపే సిలిండర్‌ను నొక్కి చక్రాలకు బ్రేకు వేస్తుంది. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టి బ్రేకు. ఏ బండికి తగిలించినా పనిచేస్తుంది కాబట్టే యు-హాల్ లాంటి అద్దె కంపెనీలు తమ పెద్ద ట్రైలర్లకు దీన్నే వాడతాయి. పడవల ట్రైలర్లకూ ఇదే అనువు, ఎందుకంటే వాటిని నీళ్లలోకి దింపాలి, ఉప్పునీటికీ కరెంటు చుట్టలకూ పొసగదు. యూరప్‌లో కారవాన్లు ఇప్పటికీ ఇలాంటి బ్రేకుతోనే తిరుగుతాయి.

కానీ ఎత్తు మీదికి రివర్స్ చేసి చూడండి. ట్రక్కు వెనక్కి నెట్టగానే కప్లర్ నొక్కుకుంటుంది, ట్రైలర్ తనకు తానే బ్రేకు వేసుకుని మొరాయిస్తుంది. దీన్ని తప్పించడానికి ట్రక్కు రివర్స్ లైటు నుంచి ఒక వైరు లాగి, ఆ లైటు వెలిగినప్పుడు ఆయిల్ దారిని మూసేసే వాల్వు పెట్టాల్సి వచ్చింది. ఇంకో లోపానికి మాత్రం మందు లేదు: డ్రైవర్ తన బ్రేకు వాడకుండా ట్రైలర్‌కు మాత్రమే బ్రేకు వేయలేడు. అడ్డగాలికో, పక్కనుంచి దూసుకుపోయిన పెద్ద లారీ విసురుకో ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడితే, దాన్ని దారిలో పెట్టే మంచి ఉపాయం ట్రైలర్‌కు మాత్రమే బ్రేకు వేయడం. అప్పుడు ట్రైలర్ ట్రక్కును వెనక్కి పట్టి లాగుతుంది, రెండూ తాడు బిగిసినట్టు ఒకే వరుసలోకి వస్తాయి. డ్రైవర్ చేతితో విడిగా వేయగలిగే విద్యుత్ బ్రేకు గెలిచింది ఇక్కడే.

ఆ బ్రేకు కథలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఆర్థర్ పి. వార్నర్. విస్కాన్సిన్ రాష్ట్రంలోని బెలాయిట్ పట్టణం ఆయనది. తొలితరం కార్లకు అయస్కాంత సూత్రంతో పనిచేసే స్పీడోమీటర్లు తయారుచేసి పేరు, డబ్బు సంపాదించాడు. 1909లో కర్టిస్ విమానం కొని తనే నడిపాడు. తర్వాత ట్రైలర్ల మీద దృష్టి పడింది. 1927లో ఆయన పేరుతో బెలాయిట్‌లో విద్యుత్ బ్రేకుల కంపెనీ వెలిసింది.

ఇప్పుడు చక్రం విప్పి లోపల చూద్దాం. బయటికి మామూలు డ్రమ్ము బ్రేకే: రెండు షూలు, ఒక స్ప్రింగు. తేడా కింద ఉంటుంది. బ్యాకింగ్ ప్లేటుకు పైన బిగించిన ఒక పొడవాటి లివరు కిందికి వేలాడుతూ ఉంటుంది. దాని చివర బిళ్లలాంటి విద్యుదయస్కాంతం. చిన్న స్ప్రింగు ఆ అయస్కాంతాన్ని డ్రమ్ము లోపలి చదును ముఖానికి ఆనించి ఉంచుతుంది. చక్రం తిరుగుతున్నంతసేపు డ్రమ్ము ముఖం దానికి తేలిగ్గా రాసుకుంటూ పోతుంటుంది.

కరెంటు ఇవ్వగానే అయస్కాంతం ఆ ముఖాన్ని పట్టుకుంటుంది. డ్రమ్మును ఆపేంత శక్తి దానికి లేదు, ఆపడం దాని పనీ కాదు. అది చేసేదల్లా అతుక్కోవడం. తిరుగుతున్న డ్రమ్ము ఆ అతుక్కున్న బిళ్లను తనతో పాటు ఈడ్చుకుపోతుంది. బిళ్లతో పాటు లివరు కింది కొస కదులుతుంది. పైన ఉన్న పొట్టి కొస మొదటి షూను డ్రమ్ము మీదికి నెడుతుంది. పొడవైన చేయి ఈడ్పు, పొట్టి చేయి తోపు కాబట్టి బలం ఇక్కడే ఎన్నో రెట్లవుతుంది. అంతటితో అయిపోలేదు. డ్రమ్ముకు తగిలిన మొదటి షూను కూడా డ్రమ్ము తనవైపు ఈడుస్తుంది, ఆ షూ రెండోదాన్ని నొక్కుతుంది, రెండోది ఇంకా గట్టిగా బిగుస్తుంది. చక్రాన్ని ఆపే బలం బ్యాటరీ నుంచి రావడం లేదు. చక్రం తిరుగుడే తనను ఆపుకుంటోంది. 36 వాట్లు ఎప్పుడు, ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే ఆజ్ఞ మాత్రమే. శక్తి నిత్యత్వానికి ఏ లోటూ రాలేదు.

ఇందులోంచే దాని పరిమితీ పుడుతుంది. ఆగి ఉన్న చక్రానికి కరెంటు ఇస్తే అయస్కాంతం అతుక్కుంటుంది గానీ ఈడ్చేవాడు లేడు కాబట్టి షూలు కదలవు. చక్రం కాస్త దొర్లితేగానీ బ్రేకు బిగియదు. నడక వేగంలో విద్యుత్ బ్రేకు కాస్త బలహీనంగా అనిపించేదీ అందుకే.

ఇక ఎంత కరెంటు ఇవ్వాలన్నది అసలు సమస్య. ట్రక్కులోని మిగతా లైట్ల వైర్లు ‘ఉంది’ లేదా ‘లేదు’ అని మాత్రమే చెబుతాయి. నీలం వైరు ‘ఎంత’ అని చెప్పాలి. తొలి కంట్రోలర్లు ట్రక్కు బ్రేకు ఆయిల్ గొట్టం నుంచి ఒక పాయ తీసుకునేవి. పెడల్ గట్టిగా తొక్కే కొద్దీ ఆ ఒత్తిడి రియోస్టాట్‌ను జరిపి నిరోధం తగ్గించేది, ట్రైలర్‌కు కరెంటు పెరిగేది. చక్కగా పనిచేసేవి. అయితే సగం బ్రేకు వేసినప్పుడు రియోస్టాట్ వేడెక్కి శక్తి వృథా అయ్యేది. ట్రక్కులకు ఏబీఎస్ వచ్చాక బ్రేకు ఆయిల్ గొట్టానికి చిల్లు పెట్టడం కంపెనీలకు ఇష్టం లేకపోయింది. ఎలక్ట్రానిక్స్ రంగంలోకి దిగాయి.

అక్కడ రెండు శిబిరాలు తయారయ్యాయి. మొదటిది కాలాన్ని నమ్ముకుంది. ఎర్ర వైరు ద్వారా బ్రేకు లైటు వెలిగిందని తెలియగానే కంట్రోలర్ ట్రైలర్‌కు కరెంటును మెల్లగా పెంచుతూ డ్రైవర్ ముందే పెట్టిన హద్దు దాకా తీసుకెళుతుంది. చవక, ఎలా బిగించినా పనిచేస్తుంది. కానీ ట్రాఫిక్‌లో పెడల్ మీద కాలు ఆనించినా, ఎదురుగా జింక దూకినప్పుడు అదరగొట్టి తొక్కినా దానికి ఒకటే. మొదటి సందర్భంలో ట్రైలర్ వెనక్కి కుదిపేస్తుంది, రెండోదాంట్లో ఆలస్యంగా మేలుకుంటుంది.

రెండో శిబిరం చలనాన్ని నమ్ముకుంది. మిషిగన్‌లోని టెకోన్షా ఊరి పేరుతోనే వెలిసిన టెకోన్షా కంపెనీ వాయేజర్ కంట్రోలర్‌లో చిన్న లోలకం పెట్టింది. ట్రక్కు వేగం తగ్గితే లోలకం ముందుకు ఊగుతుంది; ఎంత ఊగితే అంత కరెంటు. ట్రక్కు ఎంత గట్టిగా ఆగుతుంటే ట్రైలర్ కూడా అంతే గట్టిగా ఆగుతుంది. లోలకం కాబట్టి కంట్రోలర్‌ను మట్టసంగా బిగించి సరిచేయాల్సి వచ్చేది. తర్వాత లోలకం స్థానంలో యాక్సిలరోమీటర్ చిప్పు వచ్చింది. ఆ బాధ పోయింది. చలనం శిబిరమే గెలిచింది, గెలవాల్సింది కూడా అదే.

నీలం వైరులో ప్రవహించేది కూడా మారింది. ఈ కంట్రోలర్లు కరెంటును నిరోధంతో అడ్డుకోవు. 12 వోల్టులను సెకనుకు వందలసార్లు వేస్తూ ఆపుతూ ఉంటాయి. సగం బ్రేకు కావాలంటే సగం కాలం వేస్తాయి, సగం కాలం ఆపుతాయి. దీన్ని పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. అయస్కాంతం తీగచుట్ట కాబట్టి కరెంటు ఒక్కసారిగా పెరగనివ్వదు, తగ్గనివ్వదు. కోతలన్నీ కలిసి నునుపైన సగటు అవుతాయి. మిత్రుడెవరైనా క్యాబిన్‌లో కూర్చుని కంట్రోలర్ మీది చేతి లివరు జరిపితే, ట్రైలర్ చక్రం దగ్గర చెవి పెట్టినవారికి సన్నని ఝుమ్మనే మోత వినిపిస్తుంది. డ్రమ్ము పక్కన దిక్సూచి పెడితే ముల్లు కదులుతుంది. లోపలి అయస్కాంతం బతికుందో లేదో చక్రం విప్పకుండా తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక పద్ధతి లేదు.

వైరు లావు విషయంలో కక్కుర్తి పడకూడదు. ఒక్కో అయస్కాంతం సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు ఇరుసుల ట్రైలర్‌లో నాలుగు చక్రాలు, 12 ఆంపియర్లు. నాలుగు అయస్కాంతాల నిరోధం కలిపితే ఒక ఓం. డాష్‌బోర్డు నుంచి ట్రైలర్ ఇరుసు దాకా 40 అడుగులు, తిరిగి ఎర్తు దారి 40 అడుగులు. అమెరికా గేజి లెక్కలో నంబరు పెరిగే కొద్దీ వైరు సన్నబడుతుంది. 16 గేజి వైరు వాడితే ఆ 80 అడుగుల నిరోధం 0.32 ఓంలు, అయస్కాంతాలకు 12 బదులు 9.1 ఆంపియర్లే అందుతాయి. ఆకర్షణ బలం దాదాపు కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది, అంటే పట్టు 57 శాతానికి పడిపోతుంది. వ్యాసం రెట్టింపైన 10 గేజి వైరు వేస్తే నిరోధం నాలుగో వంతు అవుతుంది, కరెంటు 11.1 ఆంపియర్లు, పట్టు 86 శాతం. సన్న వైరుతో మిగిలే డబ్బు బ్రేకులో పోయే బలానికి ఏ మూలకూ చాలదు.

నీలం వైరు పక్కనే నల్ల వైరు వెళుతుంది. ట్రైలర్‌లోని బ్యాటరీకి ట్రక్కు ఆల్టర్నేటర్ నుంచి చార్జింగ్ తీసుకెళ్లేది అదే. దాని మీద 20 ఆంపియర్లు పోతే అదే 10 గేజి వైరులో 1.6 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. 14 వోల్టులు బయల్దేరితే 12.4 చేరుతాయి, నిండిన బ్యాటరీ వోల్టేజీ కంటే తక్కువ. కరెంటు తగ్గితేగానీ వోల్టేజీ పెరగదు కాబట్టి బ్యాటరీ నిండడానికి గంటలు పడుతుంది. అందుకే ట్రైలర్ వైపు వోల్టేజీ పెంచే డీసీ-డీసీ చార్జర్లు వచ్చాయి. ఇంజిన్ ఆపగానే ఈ దారిని తెంచే రిలే కూడా ఉండాలి. లేకపోతే రాత్రంతా ట్రైలర్ ఫ్రిజ్ నడిచి, తెల్లారేసరికి ట్రక్కు స్టార్ట్ కాదు.

ఈ వైర్లన్నీ బంపర్ కింద ఏడు పిన్నుల సాకెట్‌లో కలుస్తాయి. ఇక్కడో తలనొప్పి ఉంది. నీలం బ్రేకుకు, తెలుపు ఎర్తుకు అని అందరూ ఒప్పుకున్నా లైట్ల రంగుల్లో రెండు సంప్రదాయాలు నడుస్తున్నాయి. ఒకదాంట్లో టెయిల్ లైటు గోధుమ రంగు, ఇంకోదాంట్లో ఆకుపచ్చ. అందుకే అనుభవం ఉన్న మెకానిక్ రంగును నమ్మడు, టెస్ట్ ల్యాంపుతో పిన్ను పిన్నునూ చూస్తాడు. తెల్ల వైరు వదులైతే వింతలు కనిపిస్తాయి: ఎడమ ఇండికేటర్ వేస్తే మిగిలిన లైట్లు మిణుకుమిణుకుమంటాయి. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయి కరెంటు ఇతర బల్బుల గుండా దారి వెతుక్కుంటుంది. ఎర్తును బంతి కప్లర్ ఇనుముకు వదిలేస్తే తుప్పు, గ్రీజు ఆ దారిని ఎప్పుడైనా మూసేస్తాయి.

ట్రైలర్ ఊడిపోతే? అందుకోసం ట్రైలర్‌లోనే చిన్న బ్యాటరీ, ఒక స్విచ్చి ఉంటాయి. ట్రక్కుకు కట్టిన ఉక్కు తీగ స్విచ్చిలోని పిన్నును లాగేస్తే బ్యాటరీ కరెంటు నేరుగా అయస్కాంతాలకు పోతుంది. వాణిజ్య వాహనాల ఫెడరల్ నిబంధన ప్రకారం ఆ బ్రేకులు కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాలి.

తర్వాత కథ త్వరగా నడిచింది. 2005లో ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్‌లో కంట్రోలర్‌ను ఫ్యాక్టరీలోనే డాష్‌బోర్డులో కలిపేసింది. మిగతా కంపెనీలు అదే బాట పట్టాయి. కొన్ని ట్రైలర్లలో నీలం వైరు ఇప్పుడు అయస్కాంతానికి బదులు హైడ్రాలిక్ పంపుకు ఆజ్ఞ ఇచ్చి డిస్క్ బ్రేకులను నడుపుతోంది. పూర్తిగా బ్యాటరీతో నడిచే పికప్‌ల వెనక కూడా అదే ఏడు పిన్నుల సాకెట్ ఉంది.

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో క్యాంపర్ కొని సెలవులకు బయల్దేరే తెలుగు కుటుంబాలు ఒక్క పని చేయాలి. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద గంటకు 25 మైళ్ల వేగంతో పోతూ, పెడల్ ముట్టుకోకుండా కంట్రోలర్ చేతి లివరు మాత్రమే జరపాలి. ట్రైలర్ వెనక నుంచి గట్టిగా పట్టి లాగినట్టు ఉండాలి. చక్రాలు బిగుసుకుని జారితే కంట్రోలర్ ఇచ్చే కరెంటు హద్దును (గెయిన్) కాస్త తగ్గించాలి. అసలు లాగినట్టే అనిపించకపోతే బయల్దేరకండి, ముందు తెల్ల వైరు చూసుకోండి.