పగడాల తొట్టి – నీటిలో పోషకాలు

ఇంట పగడాల తొట్టి పెంచదలచిన విద్యార్థులకు మేము ముందుగా చెప్పదలచినది ఒక్కటే: అందులో ఆకలి కన్నా అతిమేత వల్లనే ముప్పు ఎక్కువ. మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అనే విషం పుడుతుంది. సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఇవి వృద్ధి చెందడానికి సుమారు 4 నుండి 6 వారాలు పడుతుంది. అంతవరకు ఓర్పు వహించాలి.

మన తాండూరు నాపరాయి వలెనే పగడపు గూడు కూడా సున్నపు పదార్థమే. ఫాస్ఫేటు మితిమీరితే ఆ గూడు కట్టడం మందగిస్తుంది, నాచు కమ్ముతుంది. పోషకాలు బొత్తిగా లేకున్నా పగడాలు పాలిపోతాయి. కనుక మేత తగ్గించి, వారానికి పదోవంతు నీరు మార్చాలి.

ఈ నియమం తొట్టికే పరిమితం కాదు. వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, హైదరాబాదు మురుగు చేరి ఏమైనదో ఎరుగుదుము. తొట్టి నీటిని మార్చగలం. నది నీటిని మార్చలేము.