పోయిన వస్తువుల కాపరులు

చంద్రపుర నగరమునకు ఉత్తరపు వైపున, బొగ్గుగనులకును విద్యుత్కేంద్రమునకును చేరువగానున్న దుర్గాపూరు ప్రాంతములో, పనిపాటలకై ప్రాణహిత దాటి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. ఏ తెలుగింటనైనను బీరువా తాళపుచెవి కానరానప్పుడు, పెద్దవారు దిండ్లు దులుపుటకు ముందుగా ఒక రాజు పేరు తలచుకొందురు. ఆ రాజు కార్తవీర్యార్జునుడు. అతనిని స్మరించినంతనే పోయిన సొమ్ము చేతికి వచ్చునను నమ్మిక మనలో మిక్కిలి పాతది. పొట్ట చేతబట్టుకొని వలసపోయినవారు వంటపాత్రలతోపాటు దీనినిగూడ మూటగట్టుకొని పోయిరి.

పురాణములనుబట్టి చూడగా, ఇతడు హైహయ వంశజుడు, కృతవీర్యుని కుమారుడు, మాహిష్మతీపురమున కధిపతి. దత్తాత్రేయు నారాధించి వేయి బాహువులు పడసినవాడు. రావణుని సైతము బంధించి చెరలో నుంచినవాడు. ఇతడేలిన కాలమున రాజ్యములో నెవ్వరి ద్రవ్యమును నష్టము కాలేదని విష్ణుపురాణము చెప్పుచున్నది. ప్రజల మనస్సులలో దుశ్చింత పొడమినంతనే విల్లు చేపట్టి యెదుట నిలుచువాడని కాళిదాసు రఘువంశము ఆఱవ సర్గలో, ఇందుమతీ స్వయంవర సందర్భమున, వర్ణించెను. వేయి చేతులుగలవాడు ఏకకాలమున వేయి మూలలు వెదకగలడు గదా యని మన ముత్తవ్వలు తర్కించి యుందురేమో! అయినను ఇందొక వింత గలదు. ఇంతటి రక్షకుడే జమదగ్ని యాశ్రమమునకు పోయి, ఆ మహర్షి గోధనమును బలాత్కారముగా తోలుకొనిపోయి, తత్ఫలముగా పరశురాముని చేత బాహువులు ఖండింపబడి హతుడయ్యెను. పరధనము నపహరించి చెడిన రాజునే పరధనమునకు కాపరిగా నిలుపుకొన్న లోకమును అమాయికమని నేననను. తప్పు చేసినవానికి దానిని దిద్దుకొను ఉద్యోగమునే యిచ్చుటలో చమత్కారమున్నది.

ఇట్టి పరిణామమే జపాను దేశమున, రాజులకు గాక, వస్తువులకు పట్టినది. నూఱేండ్లు మనుష్యుల చేతిలో మెలగిన గొడుగు గాని, దీపము గాని, చెప్పు గాని ప్రాణము పోసికొని త్సుకుమోగామి యను భూతమగునని అచ్చటి వారి పూర్వ విశ్వాసము. మురోమాచి యుగమునాటి చిత్రపటమొకటి వీని కథను సవిస్తరముగా చెప్పును. సంవత్సరాంతమున ఇండ్లు దులిపి బూజు తీయునపుడు వీధిలో పాఱవేయబడిన పాత సామగ్రి యంతయు ఒకచోట గుమిగూడి, ఇన్నాళ్లు ఊడిగము చేయించుకొని తుదకు నడివీధికి ఈడ్చిన యజమానులపై పగ తీర్చుకొన నాలోచించెను. అపకారమునకు అపకారము తగదని హితవు పలికిన ముదుసలి జపమాలను మాత్రము అవి కొట్టి తఱిమివేసినవి. పిదప భూతములై పురమున పశువులను, మనుష్యులను భక్షించి, దైవబలము చేత నోడి, పశ్చాత్తాపమునొంది, తాము కొట్టి వెడలగొట్టిన ఆ జపమాలనే వెదకికొని పోయి గురువుగా వరించి బౌద్ధదీక్ష గైకొన్నవి. 1784లో తోరియామా సెకియెన్ అను చిత్రకారుడు వీనిని పుస్తకమునకెక్కించునప్పటికి వాని కోఱలు చాలవఱకు మొద్దువారినవి. ఇప్పటి బొమ్మలకథలలోనో ఒంటికంటి ఒంటికాలి గొడుగు పిల్లలకు నేస్తము. పోయిన వస్తువులను భద్రపఱచి సొంతదారునికై యెదురుచూచు సౌమ్యమూర్తులుగాగూడ ఈ భూతములను ఊహించువారు కలరు.

వాడిన పనిముట్టునకు కృతజ్ఞత చెప్పుట యను నాచారము రెండు చోట్లను బ్రతికియే యున్నది. టోక్యో ప్రాంతమున ఫిబ్రవరి 8వ తేదీన దర్జీలు, గృహిణులు విఱిగిన సూదులను దేవాలయమునకు తెచ్చి, ఇన్నాళ్లు గట్టిగుడ్డలో శ్రమపడినందుకు విశ్రాంతిగా, మెత్తని టోఫు గడ్డలో గ్రుచ్చి సాగనంపుదురు. మనవారు మహర్నవమినాడు పాఱకు, పలుగునకు, లారీకి, కుట్టుమిషనునకు పసుపుకుంకుమలు పెట్టుదురు. భూగర్భ గనులలో పనిముట్టునకు మఱియొక గౌరవము గలదు. లోనికి దిగు ప్రతివాడును ల్యాంప్ రూములో తన సంఖ్యగల దీపమును పుచ్చుకొని, పాళీ ముగిసినంతనే అక్కడనే తిరిగి యప్పగించవలెను. ఒక దీపము తన స్థానమునకు చేరలేదన్న నొక మనుష్యుడు ఇంకను లోపలనే యున్నాడేమోయని విచారణ మొదలగును. యజమానికై వస్తువు సాక్ష్యము చెప్పుటకు ఇంతకన్న మంచి యుదాహరణము నా యెఱుకలో లేదు.

దేవతలును భూతములును చేయలేని శేషకార్యము చట్టము పాలబడినది. టోక్యో నగర పోలీసులకు 2018లో అందిన పోయిన వస్తువులు 40 లక్షలకు పైబడినవి; అందు గొడుగులే 3 లక్షలు దాటగా, యజమానులు వచ్చి తీసికొనిపోయినవి యించుమించు నూటికొకటి. నూఱేండ్లు నిండకయే ఆ గొడుగులకు కోపము వచ్చినను తప్పు లేదు. అచ్చట దొరికిన వస్తువును పూర్వము 6 నెలలు దాచెడివారు. 2007 నుండి 3 నెలలే. యజమాని ప్రత్యక్షమైనచో దొరికించుకొన్నవాడు విలువలో నూటికి 5 మొదలు 20 వఱకు పారితోషికము కోరవచ్చును. మన మనుస్మృతి గడువు విషయమున మిక్కిలి ఉదారము: స్వామి తెలియని ధనమును రాజు 3 ఏండ్లు నిలువయుంచవలెను. యాజ్ఞవల్క్యుడు దానిని ఏడాదికి కుదించెను. 1861 నాటి పోలీసు చట్టము ప్రకటన చేసి 6 నెలలు వేచియుండుమన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 71వ సెక్షనునుబట్టి, పరుల వస్తువు దొరికి దానిని తన యధీనమున నుంచుకొన్నవాడు, దాచుమని యిచ్చిన సొమ్మును కాపాడువానితో సమానమైన బాధ్యత వహింపవలెను.

చైత్రమున చంద్రపురమందలి మహాకాళి యాత్రకు తెలంగాణమునుండి భక్తులు తరలివచ్చునపుడును, బల్లార్షా మీదుగా పోవు రైళ్లు క్రిక్కిఱిసి నడచునపుడును, సంచులు మఱచిపోవువారికి కొదువ యుండదు. రైల్వే రక్షకదళము వారు ఆపరేషన్ అమానత్ అను పేర, దొరికిన సామానుల ఛాయాచిత్రములను ఇంటర్నెట్టులో ప్రకటించు పద్ధతి 2022లో మొదలైనది. 139 సంఖ్యకు ఫోను చేసియు ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. సొమ్ము తనదని వచ్చినవాడు దాని రూపమును, సంఖ్యను సరిగా చెప్పవలెననియు, చెప్పలేక అబద్ధమాడినవానికి ఆ సొమ్మునకు సమానమైన దండనము విధింపవలెననియు మనువు శాసించెను. ఛాయాచిత్రములో పైరూపమును లోకమెల్ల చూచుచున్న యీ కాలమున ఆ ప్రశ్న కొంత మార్చి అడుగవలసియుండును: సంచి యే రంగుదని కాక, లోపల పచ్చడి సీసా యెన్నవ మడతలో నున్నదని.