హైదరాబాదు నగరసభయు, మేయరు ఎన్నికయు

పౌరధర్మముల పాఠము జరుగుచుండగా ఒక విద్యార్థి లేచి, “అయ్యా! హైదరాబాదులో 2020 డిసెంబరు 1వ తేదీన వోట్లు వేసిరి. 4వ తేదీన లెక్కించిరి. మేయరు మాత్రము 2021 ఫిబ్రవరి 11వ తేదీవఱకు ఏల ఏర్పడలేదు? నూటయేబది స్థానములలో 56 మాత్రమే గెలిచిన పక్షమునకు ఆ పీఠ మెట్లు దక్కినది?” అని ప్రశ్నించెను. గంట మ్రోగుటచే ఆ దినమున సగము మాత్రమే చెప్పగలిగితిమి. ఈ సందేహము తలిదండ్రులలోను పెక్కండ్రకు కలదని పిమ్మట తెలియవచ్చినందున, మిగిలిన సగమును ఈ సంచికయందు వ్రాయుచున్నాము. ఏ పక్షమును పొగడుటయు, తెగడుటయు మా పని కాదు.

మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. అంతకు ముందటి సభ 2016 ఫిబ్రవరిలో ఏర్పడినది. శాసనము ప్రకారము నగరసభకు ఆయువు ఐదేండ్లు. ఆ గడువు 2021 ఫిబ్రవరి 10వ తేదీతో తీరవలసియుండెను. పాతవారి కాలము తీరకముందే క్రొత్తవారు ఎన్నికైరి గావున, గెలిచినవారు రెండు నెలలకు పైగా ప్రమాణస్వీకారమునకై వేచియుండవలసి వచ్చెను.

రెండవ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు ఆ సభ స్వరూపమును కొంత తెలిసికొనవలెను. 2007 ఏప్రిలులో పూర్వపు హైదరాబాదు కార్పొరేషనుతో చుట్టుపట్లనున్న 12 మునిసిపాలిటీలను చేర్చి గ్రేటర్ హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనును ఏర్పఱచిరి. 2020 నాటి ఎన్నికలో దానికి 150 వార్డులుండెను. వానిలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. ఒక్కొక్క వార్డునుండి ఒక్కొక్క కార్పొరేటరు ఎన్నికయగును. వీథుల ఊడ్పు, చెత్త తీయుట, వాన కాలువలు, దీపములు, జనన మరణముల నమోదు, ఇంటిపన్ను మొదలగునవి ఈ సంస్థ చూచు పనులు. త్రాగునీరును మురుగునీటి పారుదలయు ప్రధానముగా 1989లో ఏర్పడిన వేఱొక బోర్డు అధీనమున నుండెను. కుళాయి రానప్పుడు కార్పొరేటరును నిందించు గృహిణులు ఈ సంగతిని గమనింతురు గాక!

మేయరనగా పట్టణమునకు రాజు వంటివాడని బాలురు తలంతురు. అది సరికాదు. మేయరు సభకు అధ్యక్షత వహించును. కార్యనిర్వాహకాధికారము ప్రభుత్వము నియమించిన కమిషనరు చేతిలో నుండును. అయినను ఏ పేటలో ఏ పనికి ముందుగా సొమ్ము పెట్టవలెనను చర్చ ఆ సభలోనే జరుగవలెను గనుక, ఆ పీఠమునకై పక్షములు అంతగా పోరాడుచుండును.

ఆ ఎన్నికకు ముందు నగరము పెద్ద విపత్తును చూచియుండెను. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టికి చెఱువులు పొంగి, పల్లపు పేటలు నీట మునిగెను. ప్రాణనష్టమును జరిగెను. బాధిత కుటుంబములకు ప్రభుత్వము పదివేల రూపాయల చొప్పున సహాయము పంచుచుండగా, ఎన్నికల నియమావళి అమలులోనికి వచ్చుటచే నవంబరులో ఎన్నికల సంఘము దానిని నిలిపివేసెను. కాలువలు పూడుకొనుట, చెఱువుల ప్రక్కన ఇండ్లు లేచుట, ఇవి వార్డుసభ్యుడు మొదలు మేయరు వఱకు అందఱికిని సంబంధించిన విషయములు. ఇంతటి కష్టము నెలన్నర క్రిందటనే అనుభవించిన జనులు వోటు వేయుటకు బారులు తీరుదురని ఎవరైనను ఊహింతురు.

జరిగినది వేఱు. వోటర్లు సుమారు 74 లక్షలు. వారిలో వోటు వేసినవారు నూటికి 46 మందికి కొంచెము మీఱి యుండిరి. సగమునకు పైగా ఇల్లు కదలలేదన్నమాట. కరోనా వ్యాధి భయము కొంత కారణమని చెప్పవచ్చును. కాని ఆ వ్యాధి పేరైనను వినబడని 2016లోను నూటికి 45 మంది మాత్రమే వేసిరి. కనుక తప్పంతయు వ్యాధిమీద మోపుట న్యాయము కాదని మా అభిప్రాయము.

ఈసారి యంత్రములను విడిచి, కాగితపు బ్యాలెట్లతో వోటు వేయించిరి. దానివలన రెండు చిక్కులు వచ్చెను. పాతమలకుపేట వార్డులో ఒక కమ్యూనిస్టు పక్షము గుర్తునకు బదులు మఱియొక కమ్యూనిస్టు పక్షము గుర్తు అచ్చుపడెను. అందుచే అక్కడ పోలింగు నాపి, 3వ తేదీన మరల జరిపిరి. నేరేడుమెట్టు వార్డులో 544 బ్యాలెట్లపై స్వస్తిక ముద్రకు బదులు వేఱు ముద్ర పడియుండెను. అక్కడ మొదట నిలిచిన అభ్యర్థి ఆధిక్యము 504 మాత్రమే. ఆధిక్యముకంటె సంశయాస్పదమైన కాగితములే ఎక్కువ! విషయము హైకోర్టునకు పోయి, ఫలితము డిసెంబరు 9వ తేదీన గాని వెలువడలేదు. ఆ 544 కాగితములనుగూడ లెక్కించిన పిమ్మట ఆ అభ్యర్థియే 782 వోట్ల ఆధిక్యముతో గెలిచెను. ఒక రబ్బరు ముద్ర మాఱినందున ఒక వార్డు ఐదు దినములు ప్రతినిధి లేక నిలిచినది.

ఇక ఫలితములు. తెలంగాణ రాష్ట్ర సమితికి 56, భారతీయ జనతా పార్టీకి 48, మజ్లిసుకు 44, కాంగ్రెసునకు 2 స్థానములు వచ్చినవి. అంతకు ముందు 2016లో మొదటి పక్షమునకు 99, భాజపాకు 4 మాత్రమే యుండెను. మజ్లిసు ఆ సారియు, ఈ సారియు 44 వద్దనే నిలిచినది. నగరమంతట వచ్చిన వోట్లను చూడగా, మొదటి రెండు పక్షములకును సుమారు పండ్రెండేసి లక్షలు, ఇంచుమించు సమానముగా వచ్చినవి. అయినను స్థానములలో ఎనిమిదింటి తేడా ఏర్పడినది. వోట్లు నగరమంతటికి కలిపి గాక, వార్డు వార్డునకు వేఱుగా లెక్కింపబడుటయే దీనికి కారణము. మజ్లిసు 51 వార్డులలోనే పోటీచేసి, బలమున్నచోటనే వోట్లు కూడగట్టుకొని 44 గెలిచినది.

మేయరును ఎన్నుకొనునది ప్రజలు కారు, సభ్యులు. ఆ సభ్యులలో కార్పొరేటర్లే గాక, పదవినిబట్టి సభ్యత్వము పొందిన శాసనసభ్యులు, శాసనమండలి సభ్యులు, పార్లమెంటు సభ్యులును ఉందురు. అట్టివారు ఆ దినమునకు 44 మంది. కార్పొరేటర్లు 149 మంది. మొత్తము 193. తెలంగాణ రాష్ట్ర సమితికి కార్పొరేటర్లు 56, ఇతరులు 32, వెరసి 88. మజ్లిసుకు 44, పది, వెరసి 54. భాజపాకు 47, రెండు, వెరసి 49. కాంగ్రెసునకు రెండు. అందఱును హాజరైనచో సగము మీఱుటకు 97 కావలెను. ఎవరికిని అంత బలము లేదు. భాజపా మేయరు, డిప్యూటీ మేయరు పదవులకు పోటీచేసెను. మజ్లిసు సభ్యులు తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థులను బలపఱచిరి. స్త్రీలకు ప్రత్యేకింపబడిన ఆ పీఠమునకు బంజారాహిల్సు కార్పొరేటరు గద్వాల విజయలక్ష్మియు, డిప్యూటీ మేయరు పదవికి తార్నాక కార్పొరేటరు మోతె శ్రీలతా రెడ్డియు ఎన్నికైరి. మన విద్యార్థి రెండవ ప్రశ్నకు ఇదియే సమాధానము.

ఇట్టి ఏర్పాటు ఆ నగరమునకు క్రొత్త కాదు. 2009లో కాంగ్రెసునకు 52, మజ్లిసుకు 43 స్థానములు రాగా, పదవీకాలమును పంచుకొనిరి. మొదట బండ కార్తీక రెడ్డియు, 2012 జనవరిలో మజ్లిసుకు చెందిన మాజిద్ హుసేనును మేయర్లైరి. అంతకు ముందు 2002లో మాత్రము మేయరును వోటర్లే నేరుగా ఎన్నుకొనిరి. అప్పుడు తీగల కృష్ణారెడ్డి గెలిచిరి. నేరుగా ఎన్నుకొనుటలో ప్రజల కోరిక స్పష్టమగును. కాని మేయరొక పక్షము, సభ మఱియొక పక్షము అయినచో పనులు నిలిచిపోవు భయము కలదు. సభ్యులచే ఎన్నికయైన మేయరునకు ఆ భయము తక్కువ. అయితే సామాన్యుడైన వోటరునకు, తాను వేసిన వోటు మేయరు పీఠమువఱకు ఏ దారిని పోయినదో కనబడదు. మాకు ఈ రెండవ లోపమే పెద్దదిగా తోచుచున్నది. పెద్దలు వేఱుగా తలంపవచ్చును.

కార్పొరేటర్లు 150 కాక 149 ఏల యని చదువరులు అడుగవచ్చును. లింగోజిగూడ వార్డునుండి గెలిచిన భాజపా అభ్యర్థి ప్రమాణస్వీకారమునకు ముందే మరణించెను. ఆ స్థానమునకు 2021 ఏప్రిలు 30వ తేదీన ఉపఎన్నిక జరుగగా కాంగ్రెసు అభ్యర్థి గెలిచి, ఆ పక్షమువారి సంఖ్య మూడయినది. ఫిబ్రవరి 11వ తేదీన మేయరును ఎన్నుకొన్నప్పుడు మాత్రము ఆ వార్డువారి పక్షమున సభలో చేయి యెత్తు కార్పొరేటరు లేకుండెను.