జీవకణములను చూపు వెలుగు

శరీరములో ఒకచోట రోగమున్నదని అనుమానము కలిగినప్పుడు, వైద్యులు అచ్చటి కణజాలమును కొంచెము కోసి తీసి, పలుచని పొరలుగా చేసి, రంగు పట్టించి సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. ఇది నమ్మదగిన పద్ధతియే. కాని అందు కనిపించునది నిర్జీవ కణము. ప్రాణముతో నున్న కణమును, దానికి హాని కలుగకుండ చూచుట ఎట్లు?

కొన్ని పదార్థములు తమపై పడిన కాంతిని గ్రహించి వేరొక రంగు కాంతిని వెలువరించును. దీనిని ప్రతిదీప్తి యందురు. మన కణములలోని కొన్ని సహజ పదార్థములకును ఈ గుణము కలదు. అయితే వానిని ప్రేరేపించు అతినీలలోహిత, నీలి కాంతులు కణజాలమున పరిక్షేపణమునకు లోనై, లోతుకు పోకమునుపే చెదరిపోవును.

ఒక అణువు రెండు ఫోటాన్లను ఒకేసారి గ్రహింపగలదని 1931లో మరియా గోపెర్ట్ మేయర్ సిద్ధాంతీకరించిరి. అట్లయినచో ఒక్కొక్క ఫోటానునకు సగము శక్తి చాలును. అనగా లోతుకు చొరగల పరారుణ కాంతిని వాడవచ్చును. కాని రెండు ఫోటాన్లు ఒకేసారి అందుటకు కాంతి మిక్కిలి సాంద్రముగా నుండవలెను. అందులకే లేజరు కాంతిని అతి స్వల్ప స్పందములుగా పంపుదురు. సెకనును పది లక్షల కోట్ల భాగములు చేసిన, అందొక భాగమే స్పందకాలము. స్పందము తీవ్రమైనను సగటు శక్తి స్వల్పమగుటచే కణము మాడిపోదు. కటకము కేంద్రీకరించిన బిందువు వద్ద మాత్రమే ప్రతిదీప్తి పుట్టుటచే చిత్రము స్పష్టముగా నుండును. ఇట్టి సూక్ష్మదర్శినిని 1990లో కార్నెల్ విశ్వవిద్యాలయమున డెంక్, స్ట్రిక్లర్, వెబ్ అనువారు ప్రకటించిరి.

అంత పెద్ద పరికరము శరీరము లోపలికి పోజాలదు. వెండ్రుక వలె సన్నని గాజు తంతువు పోగలదు. 1954లోనే హాప్కిన్స్, మన పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ గాజు తంతువుల కట్ట ద్వారా ప్రతిబింబమును పంపి చూపిరి. అయినను స్పందమునకు ఇచ్చట ఒక చిక్కు కలదు. స్వల్ప స్పందములో అనేక తరంగదైర్ఘ్యములుండును. గాజులో దీర్ఘ తరంగములు ముందు సాగగా, హ్రస్వ తరంగములు వెనుకబడును. స్పందము సాగి, తీవ్రత తగ్గి, ప్రతిదీప్తి క్షీణించును. దీనికి విరుగుడుగా, తంతువులో ప్రవేశింపకమునుపే వివర్తన జాలకముల సాయమున దీర్ఘ తరంగములను ఆలస్యపరతురు. తంతువు చివర అన్నియు తిరిగి కలిసికొనును. గాజునకు బదులు గాలిలో కాంతి పయనించు బోలు తంతువులును నేడు కలవు.

2001లో హెల్మ్‌కెన్ బృందము, తంతువుతో కూడిన 25 గ్రాముల సూక్ష్మదర్శినిని ఎలుక తలపై నమర్చి, అది తిరుగాడగల్గు స్థితిలోనే మెదడును చిత్రించినది. అయితే ఈ చూపు సాధారణముగా ఒక మిల్లీమీటరు లోతును మించదు; కోసి పరీక్షించు అవసరము ఇంకను తీరలేదు.

గోపెర్ట్ మేయర్ సిద్ధాంతము ప్రయోగమున ఋజువగుటకు 1961 వరకు, లేజరు పుట్టువరకు, వేచియుండవలసి వచ్చినది. పరీక్షకు పనికిరాని పాఠమని సిద్ధాంతమును త్రోసిపుచ్చు విద్యార్థులు ఈ ముప్పది యేండ్లను స్మరింతురు గాక.