మీకు తెలుసా? మన చెలకకూ ఓ నంబరుంది!

● 2016 అక్టోబరులో మన రామన్నపేట నల్లగొండ జిల్లా నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా చెలకల సర్వే నంబర్లు మాత్రం మారలేదు. వాటి మూలాలు నిజాం కాలపు భూముల కొలతల్లో ఉన్నాయి. ఆనాటి మూల దస్త్రమే సేత్వార్.

● సర్వే నంబరు ఒక్క రెవెన్యూ గ్రామానికే పరిమితం. 112 అనే నంబరు మన ఊళ్లోనూ ఉంటుంది, పక్క ఊళ్లోనూ ఉంటుంది. అందుకే కాగితంలో ఊరి పేరు తప్పకుండా చూడాలి.

● 112లో అన్నదమ్ములు పాలు పంచుకుంటే రికార్డుల్లో అది 112/అ, 112/ఆ, 112/ఇ అవుతుంది. వీటినే బై నంబర్లు అంటారు. మన వర్ణమాలే వాటాల లెక్క చెబుతుంది. అందులో ఒక్క అక్షరం తప్పు పడినా తమ్ముడి చెలక అన్న పేర ఎక్కుతుంది.

● పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అక్కడి చుక్క దశాంశం కాదు. 2.39కి ఇంకో గుంట కలిస్తే 3.00 అవుతుంది.

● 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరమే గుంట. అది 121 చదరపు గజాలు. అలాంటివి నలభై కలిస్తే ఎకరం.

● 1954–55 నాటి ఖాస్రా పహాణీ నకలు కోసం రైతులు ఇప్పటికీ తహసీల్ ఆఫీసుకు వెళ్తారు. భూమి తగాదా వస్తే ఆ పాత కాగితానికి ఎంతో విలువ.

● చెలకకు సర్వే నంబరు ఉన్నట్టే హైదరాబాద్‌లో ఇంటికి ఆస్తిపన్ను గుర్తింపు సంఖ్య ఉంటుంది. పన్ను బాకీ ఎంతో దానితో తెలుసుకోవచ్చు. అయితే పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదు. హక్కుకు రిజిస్టరు దస్తావేజు కావాలి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా చూసుకోవాలి.

● దేశమంతటా భూమికి 14 అక్షరాలూ అంకెలూ కలిసిన 'భూ ఆధార్' ఇస్తున్నారు. భూమి మూలలు అక్షాంశ రేఖాంశాల్లో ఎక్కడున్నాయో దాన్నిబట్టే ఆ సంఖ్య పుడుతుంది. తెలంగాణలో 2025 నాటి భూభారతి చట్టం కూడా ప్రతి కమతానికీ భూధార్ ఇవ్వాలంటోంది.

● సంఖ్య ఎంత కొత్తదైనా గెట్టు మీద నిలబడి సరిచూసుకోవాల్సింది మనమే. ఈసారి చెలకకు పోయేటప్పుడు పాసుపుస్తకం వెంట తీసుకెళ్లండి. సర్వే నంబరు, బై నంబరు, గుంటలు ఒక్కొక్కటీ పిల్లలతో చదివించండి. గెట్లు ఎక్కడున్నాయో వాళ్లకు చూపించండి. రేపు ఆ భూమిని కాపాడుకోవాల్సింది వాళ్లే.